కొండవాలు లెక్కలు

2024 ఆగస్టు 31, శనివారం. తెరిపి ఇవ్వని వాన. విజయవాడ మొగల్రాజపురంలో సున్నపు బట్టీల సెంటర్ దగ్గర కొండ మీది బండలు కదిలి కింది ఇళ్ల మీద పడ్డాయి. కనీసం నలుగురు చనిపోయారు. మర్నాడు బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. సింగ్‌నగర్ మొత్తం నీళ్లలో నానుతుంటే కొండ సంగతి లోపలి పేజీలకు పోయింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే వరదకు గేజీలున్నాయి, గేట్లున్నాయి, మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటూ ఒక పద్ధతి ఉంది. మన కొండలకు అలాంటిదేమీ లేదు. కొండచరియలు విరిగిపడ్డాయన్న మాట ఎప్పుడూ జరిగిపోయాకే చెవిన పడుతుంది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాల్లో మూలా నక్షత్రం రోజు, ఇంద్రకీలాద్రి మీదా చరియలు పడ్డాయి. అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి ముఖ్యమంత్రి రావడానికి కాస్త ముందు జరిగింది కాబట్టి అది అందరికీ గుర్తుంది. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డులో పెద్ద బండలు దొర్లి రోడ్డు కోసుకుపోయింది. అరకు వైపు వెళ్లే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గానికైతే వానాకాలంలో ఇది పాత తలనొప్పే.

కృష్ణా డెల్టా అనగానే మనకు వరి, చేపల చెరువులు, కాలువలు తోస్తాయి. కానీ డెల్టా తల దగ్గర ఉన్నదంతా కొండలే. కొండపల్లి నుంచి మొదలుపెట్టి విద్యాధరపురం, ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల, నది దాటాక ఉండవల్లి, మంగళగిరి. తూర్పు కనుమలు ఇక్కడ తునకలు తునకలుగా తెగి నదిలోకి తొంగిచూస్తాయి. ఈ కొండల్లో సగం మీద దేవుళ్లున్నారు, మిగతా సగం మీద జనం ఉన్నారు. బండల ఒడిలో ఇల్లు కట్టుకున్న ఆ జనం రాత్రి వాన పడితే ఏం చూసుకోవాలి, ఏది భయపడాల్సిన గుర్తు, ఏది కాదు? ఈ ప్రశ్నకు ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు వెతికినవాళ్లు ప్రపంచంలో ఎక్కువమంది మంచు కొండల్లో ఉన్నారు. అందుకని కాసేపు అటు వెళ్లొద్దాం.

మంచు మనకు మరీ పరాయిది కూడా కాదు. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి బండ మీద తాళ్లు పట్టుకుని నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె ఎక్కింది టిబెట్ వైపు నుంచి. అదే సీజన్‌లో, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ దారిలో మంచుచరియ పడి 16 మంది చనిపోయారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచుచరియ పడినప్పుడు కూరుకుపోయిన మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమందిలో ఒకరు కర్నూలు జిల్లావారు.

మంచు ఒక్కసారిగా పేరుకునేది కాదు. నవంబరులో ఒక పొర, డిసెంబరులో ఒకటి, గాలి మోసుకొచ్చి పోసింది ఇంకొకటి. ఒక్కో పొరదీ ఒక్కో స్వభావం. అడుగున నేల ఉష్ణోగ్రత దాదాపు సున్నా డిగ్రీలు ఉంటే పైన గాలి మైనస్ ఇరవై ఉండొచ్చు. మంచు మందం తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా కొద్ది జానల్లోనే సర్దుకోవాలి. పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీకి మించి తేడా వస్తే లోపలి నీటి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువుల రూపం మార్చేస్తుంది. మెత్తగా అల్లుకుని ఉన్నవి కోణాలు తేలి, పెద్దవై, ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి. జనవరిలో దీని మీద కొత్త మంచు పడి గట్టిపడిందనుకోండి, గచ్చు మీద ఒలికిన ఆవాల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే. మనిషి అడుగు పడగానే అడుగు పొర ఒకచోట కుప్పకూలుతుంది. ఆ కూలడం రెప్పపాటులో వాలంతా పాకుతుంది. ఒక్క మనిషి బరువుకు ఎకరాల కొద్దీ మంచు పలకగా తెగి కిందికి బయల్దేరుతుంది. మంచుచరియల్లో చిక్కుకుని చనిపోయే పర్వతారోహకుల్లో అత్యధికులు తాము గానీ, తమ బృందంలో వాళ్లు గానీ కదిలించిన చరియ కిందే చనిపోతారు.

ఇక వాలు. ముప్ఫై డిగ్రీల లోపు వాలు మీద పలక జారడం అరుదు. నలభై అయిదు దాటిన కొద్దీ మంచు ఎక్కువగా నిలవదు, ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా రాలిపోతుంది. ప్రాణాలు తీసేది ఈ రెంటి మధ్యది, అందులోనూ 38 డిగ్రీల దగ్గరిది. చూడ్డానికి ఎక్కగలం అనిపించే వాలే అది. ఇసుక కుప్పతో ఇది మనకూ తెలిసిన లెక్కే. కృష్ణ పొడి ఇసుక లారీలోంచి దిమ్మరిస్తే కుప్ప సుమారు 34 డిగ్రీల వాలుతో నిలబడుతుంది. అంతకంటే నిటారుగా పోద్దామంటే పై ఇసుక కిందికి జారి మళ్లీ ఆ వాలుకే వస్తుంది.

మంచులో తిరిగేవాళ్లు వాలుని కొలిచి ఊరుకోరు, గొయ్యి తవ్వుతారు. గోడలో పొరలు చూసుకుని, ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మంచు స్తంభాన్ని చుట్టూ కోసి విడదీస్తారు. దాని మీద పార బల్లపరుపుగా పెట్టి కొడతారు. మణికట్టు ఆడించి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు, ఏ పొర దగ్గర స్తంభం తెగింది? పది దెబ్బల్లోపే చక్కగా కోసినట్టు జారిందంటే ఆ రోజుకి ఆ వాలు జోలికి పోరు. గొయ్యి కంటే ముందు కళ్లకీ చెవులకీ అందే గుర్తులున్నాయి. పక్క వాలు నిన్న జారిందా? అడుగేస్తే కింద బోలుగా ‘వుంఫ్’ మంటోందా? పాదం దగ్గర్నుంచి పగులు పాకుతోందా? రాత్రికి రాత్రి చాలా మంచు పడిందా, గాలి మోసుకొచ్చిందా, ఒక్కసారి ఎండ కాసిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి తిరగడమే పద్ధతి.

ఈ పరిశీలనలన్నిటినీ పోగేసి స్విట్జర్లాండ్‌లో దావోస్ సంస్థ 1945 నుంచి మంచుచరియల సూచనలు ప్రకటిస్తోంది. 1993 నుంచి యూరప్ దేశాలు అయిదు మెట్ల ప్రమాద సూచికను వాడుతున్నాయి. మన దేశంలో ఈ పని మనాలీలో మొదలైన సైనిక పరిశోధన సంస్థ సాసే చేసేది. 2020లో దాన్ని మరో సంస్థతో కలిపి డీజీఆర్‌ఈ అన్నారు. ఆ అయిదు మెట్లలో చావులు ఎక్కువ నమోదయ్యేది అయిదో మెట్టు దగ్గర కాదు, నాలుగో దాని దగ్గరా కాదు. మూడో మెట్టు దగ్గర. అయిదు అంటే ఎవరూ ఇల్లు కదలరు. మూడు అంటే పోయిరావచ్చులే అనిపిస్తుంది.

మంచుకూ రాతికీ సరిహద్దు మనం అనుకున్నంత గట్టిది కాదు. 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలో ఋషిగంగ లోయను తుడిచేసిన చరియలో సుమారు 80 శాతం రాయి, 20 శాతం మంచుగడ్డ. ఇక రాతి సంగతికి, మన ఊరికి వద్దాం.

బెజవాడ చుట్టుపక్కల కొండల్లో ప్రధానంగా ఉన్నవి ఖొండలైట్, చార్నొకైట్. వంద కోట్ల సంవత్సరాలకు ముందే భూగర్భంలో ఉడికి రూపం మారిన రాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని సర్వే చేసిన విలియం కింగ్ ఖొండలైట్‌ని ‘బెజవాడ నైస్’ అనే రాసుకున్నాడు. మన లెక్కకు ముఖ్యమైనది ఖొండలైట్‌లోని ఫెల్డ్‌స్పార్. వేడి, తేమ కలిసిన మన వాతావరణంలో వేల ఏళ్లుగా నీరు తగిలి తగిలి ఈ ఖనిజం తెల్లటి బంకమట్టిగా మారుతుంది. రాయి పైకి రాయిలాగే ఉంటుంది, రంగు ఎర్రబారుతుంది, లోపల పొరల వెంట బంకమట్టి పూత పడుతుంది. చార్నొకైట్ గట్టిది. అది పగుళ్ల వెంట మూల మూల అరిగి, గుండ్రటి బండలుగా విడిపోయి, చుట్టూ మెత్తబడ్డ మట్టిలో ఇరుక్కుని నిలుస్తుంది. ఆ మట్టి కొట్టుకుపోయిన నాడు బండకు ఆసరా ఉండదు. మంచు కొండల్లో బలహీన పొర ఒక శీతాకాలంలో తయారై వసంతానికి కరిగిపోతుంది. మన దగ్గర అది తయారవడానికి యుగాలు పట్టింది, ఎటూ పోదు. ఒక రకంగా ఇది మనకు అనుకూలం. ఒక్కసారి సరిగ్గా పటం గీసుకుంటే తరాల పాటు పనికొస్తుంది.

దీన్ని కదిలించేది నీరు. నీటి బరువు వల్ల కొండ జారుతుందని చాలామంది అనుకుంటారు. బరువు పాత్ర ఉంది గానీ అసలు పని చేసేది ఒత్తిడి. వాలు మీద బండను నిలిపి ఉంచేది అది కింది పొరను నొక్కే బలం, దాని వల్ల పుట్టే రాపిడి. పగుళ్లలోకీ మట్టి సందుల్లోకీ నీరు చేరితే అది అన్నివైపులా తోస్తుంది, బండను కొద్దిగా పైకి ఎత్తుతుంది. నొక్కుడు తగ్గింది కాబట్టి రాపిడి తగ్గుతుంది. బండ వెనక అయిదు మీటర్ల లోతు పగులు ఉందనుకోండి. ఎండాకాలంలో దానివల్ల ఏ హానీ లేదు. నిండా నీళ్లు నిలిచిన రోజు ఆ నీరు ముందున్న బండను మీటరు వెడల్పుకి పన్నెండున్నర టన్నుల బలంతో బయటికి తోస్తుంది. మీటరు లోతే ఉంటే ఆ బలం అర టన్ను. లోతు రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది. రిటైనింగ్ వాల్‌లో నీళ్లు కారడానికి రంధ్రాలు వదిలేది ఇందుకే. పాములు వస్తాయనో, పక్కింటివాళ్ల నీళ్లు పడుతున్నాయనో వాటిని సిమెంటుతో పూడ్చేసిన గోడలు మన కొండ కాలనీల్లో కావలసినన్ని కనిపిస్తాయి. ఆ గోడ లేకపోయినా కొంత నయం అంటాను నేను.

మట్టికి ఇంకో గుణం ఉంది. కాస్త తడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య నీటి పొర వాటిని దగ్గరికి లాక్కుని పట్టుకుంటుంది. తడి ఇసుకతో గూడు కట్టగలిగేది దీని వల్లే. పూర్తిగా నానితే ఆ పట్టు పోతుంది. వేసవిలో నిటారుగా తవ్వినా నిలబడిన మట్టికట్ట చూసి, ఇది గట్టి నేల అని తాపీమేస్త్రీ భరోసా ఇస్తాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతను చూసింది వేసవి నేలని.

ఎంత వాన పడితే భయపడాలి? నెల్ కైన్ అనే భూస్వరూప శాస్త్రవేత్త 1980లో ప్రపంచం నలుమూలల నుంచి పైపై మట్టి జారిన ఘటనలు పోగేసి ఒక గీత గీశాడు. దాని ప్రకారం గంటలో 15 మిల్లీమీటర్లు గానీ, రోజంతా కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు గానీ దాటితే వాలు జారే అవకాశం మొదలవుతుంది. జారి తీరుతుందని కాదు, అంతకు దిగువన అరుదు అని. తుపాన్ల దారిలో ఉన్న కృష్ణా తీరానికి ఒక రోజులో పది సెంటీమీటర్ల వాన వింతేమీ కాదు. పైగా మన కొండల మీద వాన ఒక్కటే కాదు. పంపులతో నీళ్లు పైకి ఎక్కిస్తున్నాం, వాడుక నీరు దిగడానికి సరైన కాలువ లేని చోట ఇంటి వెనక మట్టిలోకే వదులుతున్నాం. కొండ ఏడాది పొడుగునా సగం నాని ఉంటుంది. వాన వచ్చేది ఆ మిగతా సగం కోసమే. నీరు లోపలికి ఇంకడానికి సమయం పడుతుంది కాబట్టి వాన వెలిసిన గంటలకో, మర్నాడో కూడా వాలు కదలొచ్చు. ఎండ వచ్చింది కదా అని పిల్లలతో ఇంటికి తిరిగొచ్చే వేళ అది.

తవ్వకం సంగతి చూద్దాం. ముప్ఫై డిగ్రీల వాలు మీద ఇరవై అడుగుల బల్లపరుపు స్థలం కావాలంటే వెనక వైపు పదకొండున్నర అడుగుల నిట్టనిలువు గోడ తవ్వాలి. స్కేలు పెట్టి గీసుకుంటే ఎవరికైనా తేలే లెక్క. ఒక ఇంటికి ఇంత. దాని పైన ఇంకో ఇల్లు, దాని పైన ఇంకోటి. పైవాడి పునాది కిందివాడి గోడ నెత్తిన ఉంటుంది. రాతి పొరలు కొండ లోపలికి వాలి ఉన్న చోట ఇది కొన్నాళ్లు చెల్లుతుంది. పొరలు బయటికి, ఇంటి వైపు వాలి ఉంటే తవ్విన ప్రతి అడుగూ పలక కింది ఆసరాను తీసేయడమే. ఇది చెప్పడానికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. దిక్సూచి, వాలు కొలిచే క్లైనోమీటరు, సుత్తి పట్టుకున్న ఒక భూగర్భ శాస్త్ర విద్యార్థి ఒక పూటలో చెప్పగలడు.

కొండపల్లి దగ్గర కొండ ఇంకా అడవే. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టిన కోట పైన, బొమ్మలకు కర్ర ఇచ్చే తెల్ల పొణికి చెట్లు కొండల్లో. వేళ్లు పై మట్టిని కుట్టి ఉంచుతాయి, ఆకులు వాన దెబ్బను కాస్తాయి, నేల నీటిని మెల్లగా వదులుతుంది. లోతైన పగుళ్లకు చెట్లేమీ చేయలేవన్నది కూడా నిజమే. కానీ రిజర్వు అడవి అంచుల్లో గ్రావెల్, రాయి తవ్వుతున్నారన్న గొడవ ఈ మధ్య ఏళ్లలో ఎన్నోసార్లు పేపర్లకెక్కింది. కొండ కాలిని తవ్వడమంటే పైన ఉన్నదాని భవిష్యత్తు తవ్వడమే. ఇబ్రహీంపట్నం పక్క గ్రామాలు పెరుగుతూ కొండ మొదట్లోకి వెళ్తున్నాయి. మొగల్రాజపురం కథ అక్కడ మళ్లీ రాయకుండా ఉండటానికి ఇంకా సమయం ఉంది.

దొర్లే బండ బలం కూడా తెలియాలి. ఘనపు మీటరు రాయి సుమారు 2.7 టన్నులు. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి అడ్డు లేకుండా పడితే గంటకు 87 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. దాదాపు మూడు టన్నుల లారీ హైవే మీద వచ్చి కొట్టినట్టు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాన్ని ఆపలేదు. కాబట్టి నా ఇల్లు గట్టిది అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. బండ కదలకుండా చూసుకోవాలి, లేదా దాని దారిలో లేకుండా ఉండాలి.

సాధనాలు పెరుగుతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) 2023లో విడుదల చేసిన అట్లాసులో 1998 నుంచి 2022 వరకు దేశంలో పడిన సుమారు 80 వేల చరియలు నమోదయ్యాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2024 జూలైలో కోల్‌కతాలో జాతీయ ముందస్తు సూచన కేంద్రం తెరిచింది. ప్రారంభించింది మన కేంద్ర మంత్రి కిషన్ రెడ్డే. మరో పదిరోజులకు కేరళలో వయనాడ్ కొండచరియల విషాదం, నెల తిరిగేసరికి మొగల్రాజపురం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి అదే చోటిని చూస్తూ నేల సెంటీమీటర్ల లెక్కలో కదిలినా పట్టుకుంటుంది. మెల్లగా జారే పెద్ద వాలుకి అది బాగా పనికొస్తుంది. ఒంటరి బండ ఒకటి ఊడి పడేదాన్ని అంతరిక్షం నుంచి ముందుగా చెప్పడం కుదరదు. దానికి పగులుకు అడ్డంగా అతికించిన గాజుముక్క చాలు. పగులు తెరుచుకుంటే గాజు చిట్లుతుంది. ఇంజనీర్లు ఎంతో కాలంగా వాడుతున్న పద్ధతి, ఖర్చు పది రూపాయలు.

పర్వతారోహకుడికీ కొండవాసికీ ఒక పెద్ద తేడా ఉంది. మూడో మెట్టు అన్నారంటే అతను టెంటులో పడుకుని రేపు చూసుకుంటాడు. సియాచిన్ సైనికుడికి ఆ వెసులుబాటు లేదు, ఇంద్రకీలాద్రి వెనక మెట్ల పక్కన ఇల్లున్న కూలీకి అంతకంటే లేదు. వాళ్లకు సూచన ఒక్కటే సరిపోదు. లేచి ఎక్కడికి వెళ్లాలి, ఎన్నాళ్లుండాలి, సామాను ఎవరు కాస్తారు అన్నవి ముందే తేలాలి. ఇళ్లు తీసేయండి అనడం తేలిక. ఊళ్లో స్థలం దొరక్కే కదా వాళ్లు అక్కడికి ఎక్కింది.

హాంకాంగ్ ఇదే ఇరుకులో ఉండేది. 1972 జూన్ 18న అక్కడ రెండు చోట్ల వాలు కూలి వందమందికి పైగా పోయారు. 1976లో మళ్లీ కూలింది. 1977లో వాళ్లు ప్రత్యేకంగా ఒక ఇంజనీరింగ్ కార్యాలయం పెట్టి, మనిషి చేయి పడిన ప్రతి వాలుకీ నంబరు ఇచ్చారు. ఇప్పుడు దాదాపు 60 వేల వాలులు రిజిస్టరులో ఉన్నాయి. ఏ వాలు బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది, వాన కొలతను బట్టి హెచ్చరిక వెలువడుతుంది. ఆ ఊరి కొండలతో పోలిస్తే విజయవాడ, కొండపల్లి కొండలు కొన్నే. కార్పొరేషనూ, కొండపల్లి మున్సిపాలిటీ, ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలు కలిస్తే ఒకటి రెండు వేసవుల్లో ప్రతి తవ్విన వాలుకీ నంబరు, కొలతలు, ఫొటో తేవచ్చు. ప్రతి కొండ మీదా ఒక వానమాపకం పెట్టవచ్చు. ఇది చేయకపోవడానికి డబ్బు కారణం కాదు.

కొండ మీద ఉండేవారు మాత్రం అంతవరకు ఆగనక్కర్లేదు. జూన్‌కి ముందు ఒకసారి ఇంటి వెనక గోడ చూసుకోండి, రంధ్రాలు తెరిచి ఉన్నాయా, పైనుంచి వచ్చే కాలువ మూసుకుందా అని. పాత పగుళ్ల పక్కన పెన్సిల్‌తో తేదీ వేసి గీత గీయండి. వానలో గోడ ఉబ్బినా, స్తంభమో చెట్టో వంగినా, తలుపు ఉన్నట్టుండి బిగుసుకున్నా, ఎప్పుడూ లేని చోట బురదనీరు ఊరినా, చిన్న చిన్న రాళ్లు రాలడం మొదలైనా తెల్లారనివ్వకండి. పక్కింటివాళ్లను లేపి, వాలుకు అడ్డంగా పక్కకి నడిచి బయటపడండి. 112కి గానీ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070కి గానీ ఫోన్ చేయండి. వాన వెలిసినా ఇంకో రోజు ఆగి, ఎవరైనా తెలిసినవాళ్లు పైకి వెళ్లి చూశాకే ఇంట్లోకి రండి.